నీటి అంచున నాలుగు గజాలు

శ్రీశైలం జలాశయానికి స్థిరమైన ఒడ్డు లేదు. నీటిమట్టం 885 అడుగులకు చేరితే కృష్ణ, తుంగభద్రల లోయలు రెండూ నిండి నల్లమల అంచుల దాకా నీళ్లు తగులుతాయి. వేసవి ముదిరేసరికి అవే నీళ్లు పదుల అడుగులు దిగిపోతాయి. భాద్రపదంలో పడవ నడిచిన చోట చైత్రంలో మేకలు మేస్తాయి. ఏడాదిలో చాలా నెలలు మునిగి ఉండే సంగమేశ్వరాలయం వేప మొద్దు శివలింగంతో సహా బయటపడుతుంది. ఏడు నదుల సంగమంగా పేరున్న ఆ క్షేత్రానికి కర్నూలు, నంద్యాల, ఆత్మకూరు వైపు నుంచి జనం కదులుతారు. నీళ్లు వెనక్కి తగ్గేకొద్దీ వాళ్లు ముందుకు నడుస్తారు, అంచు దాకా వెళ్లి స్నానం చేస్తారు.

మొసలి కూడా కాచుకునేది ఆ అంచునే.

ఈ మాట భయపెట్టడానికి చెప్పడం లేదు. మొసలి వల్ల మనిషికి వచ్చే ప్రమాదం నదంతా ఒకేలా ఉండదు. నీరు నేలను తాకే చోట, కొద్ది గజాల వెడల్పున్న సన్నని పట్టీలోనే అది ఎక్కువగా ఉంటుంది. ఆ పట్టీ ఈరోజు ఎక్కడుంది, ఏ వేళ అక్కడికి వెళ్లకూడదు, వెళ్లక తప్పకపోతే ఎలా మసలాలి అన్నవి తెలిస్తే చాలు, మనిషి తన ప్రాణం కాపాడుకోగలడు. మొసలిని చంపాల్సిన పని కూడా ఉండదు. శ్రీశైలం పాతాళగంగలో మునక వేసే భక్తులు, సంగమేశ్వరం నుంచి నాగర్‌కర్నూలు జిల్లా సోమశిలకు పడవెక్కే ప్రయాణికులు, పుట్టి వేసుకుని వల విసిరే జాలర్లు, గొర్రెలకు నీళ్లు తాపడానికి వచ్చే కాపరులు తెలుసుకోవలసిన విషయం ఇది.

మన నదిలోని మొసలి

భారతదేశంలో మూడు జాతుల మొసళ్లున్నాయి. పొడవైన సన్నని మూతితో చేపల మీద బతికే ఘరియాల్ ఉత్తరాది నదులది. ఉప్పునీటి మొసలి ఒడిశాలోని భితర్‌కనిక, బెంగాల్ సుందర్‌బన్స్, అండమాన్ తీరాలది. కృష్ణ, తుంగభద్ర, మంజీరల్లో ఉండేది మూడోది, మగ్గర్ మొసలి. శాస్త్రీయ నామం క్రోకోడైలస్ పలుస్ట్రిస్. ఎదిగిన మగ్గర్ సాధారణంగా మూడు నాలుగు మీటర్ల పొడవుంటుంది. దాని మూతి మిగతా మొసళ్ల మూతి కంటే వెడల్పు. నది, చెరువు, కుంట, జలాశయం, కాలువ ఏదైనా సరే, మంచినీళ్లుంటే సర్దుకుపోతుంది. దాని తిండిలో చేపలదే పెద్ద పాలు. పీతలు, కప్పలు, నీటి పక్షులు దొరికితే తింటుంది. పెద్దదైతే నీళ్లు తాగడానికి వచ్చిన కుక్కను, దూడను, జింకను కూడా పడుతుంది. మనిషి దాని మామూలు ఆహారం కాదు. అయినా నీళ్ల పక్కన వంగి కూర్చున్న మనిషి ఆకారం, పరిమాణం దానికి ఒక జంతువులాగే కనిపించవచ్చు. అసలు చిక్కు అక్కడే వస్తుంది.

1970ల నాటికి ఈ జాతి అంతరించే దశకు వచ్చింది. చర్మం కోసం వేటాడారు, గుడ్లు తవ్వుకుపోయారు, వలల్లో చిక్కినవాటిని కొట్టి చంపారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మగ్గర్‌ను మొదటి షెడ్యూల్లో చేర్చి వేటను నిషేధించింది. 1975లో ఐక్యరాజ్యసమితి సంస్థల సాయంతో, రాబర్ట్ బస్టర్డ్ అనే నిపుణుడి సలహాతో జాతీయ మొసళ్ల సంరక్షణ పథకం మొదలైంది. గుడ్లు సేకరించి, పిల్లలను పొదిగించి పెంచి, శత్రువులకు చిక్కని సైజుకు వచ్చాక నీళ్లలో వదలడం ఆ పథకం పద్ధతి. ఆ పనికి మనుషులను తయారుచేసే కేంద్ర శిక్షణ సంస్థను హైదరాబాద్‌లోనే పెట్టారు. నాగార్జునసాగర్ దగ్గర ఎత్తిపోతలలో మొసళ్ల పెంపకం సాగింది. ఈరోజు కృష్ణలో మొసలి కనిపిస్తోందంటే అది యాభై ఏళ్ల శ్రమకు దక్కిన ఫలితం. ఆ ఫలితం నిలబడాలంటే నది ఒడ్డున బతికేవాళ్లకు రక్షణ ఉండాలి. బిడ్డను పోగొట్టుకున్న ఊరికి సంరక్షణ గురించి ఎంత చెప్పినా చెవికెక్కదు.

నీళ్లలో ఏనుగును పట్టి, నేల మీద కుక్కకు లోకువై

రాయలసీమ గడ్డ మీద తిరిగిన వేమన, మొసలి బలం దాని ఒంటిలో కాదు, అదున్న చోటులో ఉందని ఎప్పుడో పద్యం చెప్పాడు. నీళ్లలో ఏనుగును పట్టే మొసలి ఒడ్డున కుక్కకు లోకువ అవుతుందన్నది ఆయన పరిశీలన. జీవశాస్త్రం ఆ మాటకు కారణాలు చూపిస్తుంది.

మొసలి కళ్లు, ముక్కు రంధ్రాలు, చెవులు తల పైభాగంలో ఒకే వరుసలో ఉంటాయి. మిగతా శరీరమంతా నీళ్లలో దాచి, ఈ మూడింటినీ మాత్రం పైకి పెట్టి గంటల తరబడి కదలకుండా ఉండగలదు. అవసరమైతే పూర్తిగా మునిగిపోతుంది. గొంతు వెనక ఒక కవాటం మూసుకుంటుంది కాబట్టి నీళ్లలో నోరు తెరిచినా ఊపిరితిత్తుల్లోకి నీరు పోదు. నాలుగు గదుల గుండె ఉన్నా, మునిగినప్పుడు ఊపిరితిత్తులకు వెళ్లే రక్తంలో కొంత భాగాన్ని శరీరం వైపు మళ్లించగలదు. దాని హిమోగ్లోబిన్ కూడా ప్రత్యేకమైనది. ఊపిరి బిగబట్టినప్పుడు రక్తంలో పేరుకునే బైకార్బనేట్ ఆ హిమోగ్లోబిన్ మీద పనిచేసి ఆక్సిజన్‌ను విడిపిస్తుంది. 1995లో శాస్త్రజ్ఞులు ఈ గుణాన్ని మనిషి హిమోగ్లోబిన్‌లోకి మార్చి మరీ నిరూపించారు. ఈ ఏర్పాట్లన్నిటి వల్ల మొసలి పావుగంట సులువుగా, అవసరమైతే గంటసేపు కూడా నీటి అడుగున ఉండగలదు. కాబట్టి నీటి మీద ఏమీ కనిపించడం లేదు కదా అని దిగడం ప్రమాదం.

నీరు బురదగా ఉంటే మొసలికీ కనిపించదు కదా అని కొందరు అనుకుంటారు. వరదొస్తే తుంగభద్ర ఎర్రమట్టి రంగుకు తిరుగుతుంది, అందులో చెయ్యి పెడితే చెయ్యే కనిపించదు. అయినా మొసలికి అది అడ్డు కాదు. దాని దవడల మీద సన్నని చుక్కల్లాంటి బొడిపెలుంటాయి. అవి నీటి అలల ఒత్తిడిని పసిగట్టే ఇంద్రియాలు. నీటి మీద పడే ఒక్క చుక్క పుట్టించే అలను కూడా అవి పట్టుకుంటాయని 2002లో మొసళ్ల బంధువులైన అలిగేటర్ల మీద జరిగిన పరిశోధన చూపింది. పసిపిల్లలు నీళ్లలో కాళ్లాడించినా, చాకిరేవులో బట్టలు ఉతికినా, బిందె ముంచినా ఆ అల మొసలికి కబురు చేరుస్తుంది.

ఇక దూకడం. మొసలి బలమంతా తోకలో ఉంది. ఒక్క విదిలింపుతో నీళ్లలోంచి ఒడ్డు మీదికి తన శరీరంలో చాలా భాగాన్ని విసరగలదు. దవడలు మూసే కండరాలు అపారమైన బలం గలవి, తెరిచే కండరాలు మాత్రం బలహీనం. పట్టిన జంతువును నీళ్లలోకి లాగి, తన ఒంటిని గిరగిరా తిప్పి చీలుస్తుంది. అయితే ఆ బలం చాలా తొందరగా అయిపోతుంది. ఊపిరితో పనిలేకుండా కండరాల్లో పుట్టే శక్తి అది, కొద్ది నిమిషాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుని మొసలి అలసిపోతుంది. అందుకే అది నేల మీద వేటను తరమదు. ఒడ్డుకు దూరంగా ఉన్న మనిషి వెంటపడే ఓపిక దానికి లేదు. మొసలి తరిమితే వంకరటింకరగా పరుగెత్తాలన్న మాట చాలామంది చెబుతారు, అది తప్పు. నీటికి దూరంగా, నేరుగా పరుగెత్తాలి.

కరువు సీమలో నీటి జంతువు

కర్నూలు, కడప ప్రాంతాల్లో ఏడాది వాన 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వంకలు ఎండిపోతాయి, కుంటలు నెర్రెలు వారతాయి. ఇలాంటి చోట నీటి జంతువు ఎలా బతుకుతుంది?

మొసలి తన ఒంట్లో వేడి పుట్టించుకోదు, బయటి నుంచి తెచ్చుకుంటుంది. చలికాలం పొద్దున బండల మీద, ఇసుక దిబ్బల మీద నోరు తెరుచుకుని ఎండ కాచుకునేది అందుకే. అలా పడుకున్న మొసలి ఎవరికైనా కనిపిస్తుంది, మనుషులు జాగ్రత్తగా ఉంటారు. వేసవిలో సంగతి వేరు. పగటి ఎండ తాళలేక మొసలి నీళ్లలో మునిగి ఉంటుంది, లేదా ఒడ్డు మట్టిలో తానే తవ్వుకున్న బొరియలో దూరుతుంది. బయట కనిపించదు. సాయంత్రం చల్లబడ్డాక, రాత్రిపూట కదులుతుంది. నీళ్లు మిగిలిన మడుగుల్లోనే చేపలుంటాయి, పశువులు అక్కడికే వస్తాయి, మనుషులూ అక్కడికే వస్తారు. కరువు అందరినీ ఒకే మడుగు దగ్గరికి చేరుస్తుంది. వేసవిలో మొసళ్లు కనిపించడం తగ్గినంత మాత్రాన అవి వెళ్లిపోయాయని అనుకోకూడదు.

గుడ్లు పెట్టేదీ ఈ రోజుల్లోనే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆడమొసలి నీటికి ఎగువన మెత్తని ఇసుకలోనో మట్టిలోనో గుంట తవ్వి, పాతిక ముప్ఫై గుడ్లు పెట్టి పూడుస్తుంది. రెండు నెలలకు అటూ ఇటూగా, తొలకరికి ముందో తొలకరితోనో పిల్లలు బయటికి వస్తాయి. పిల్ల ఆడదో మగదో తేల్చేది జన్యువులు కాదు, గూటి వేడి. చెన్నై దగ్గరున్న మద్రాస్ క్రొకోడైల్ బ్యాంక్‌లో మగ్గర్ గుడ్ల మీద జరిగిన పరిశోధన 1989లో ప్రచురితమైంది. 31 డిగ్రీలు, అంతకు తక్కువ వేడిలో ఆడపిల్లలే పుట్టాయి. 32.5 డిగ్రీల దగ్గర మగవి ఎక్కువగా పుట్టాయి. గుడ్డులోంచి పిల్లలు కుయ్యిమనగానే తల్లి గూడు తవ్వి, వాటిని నోట కరుచుకుని నీళ్లలో వదులుతుంది. తండ్రి మొసలి కూడా పిల్లలను మోయడం ఆ కేంద్రంలోనే చూశారు. మనకు పనికొచ్చే విషయం ఏమిటంటే, ఈ నాలుగైదు నెలలు గూటి దగ్గరి తల్లి మొసలి ఆకలి లేకపోయినా మీదికి వస్తుంది. ఇసుక దిబ్బ మీద తవ్విన గుర్తులు, తోక ఈడ్చిన జాడ కనిపిస్తే అక్కడ ఆగకూడదు.

మడుగు పూర్తిగా ఎండితే మగ్గర్ రాత్రిపూట నేల మీద నడిచి కిలోమీటర్ల దూరంలోని మరో నీటికి చేరగలదు. మనిషి తవ్విన కాలువలు దానికి ఇంకా సులువైన దారి. సుంకేసుల నుంచి కడప దాకా సాగే కేసీ కాలువను 1860లలో ఒక ప్రైవేటు కంపెనీ తవ్వడం మొదలుపెట్టింది. సాగునీటితో పాటు పడవ ప్రయాణం కూడా దాని ఉద్దేశం. 1882లో ప్రభుత్వం దాన్ని కొనుక్కుంది. నూరేళ్ల తరువాత తెలుగుగంగ వచ్చింది. శ్రీశైలం నీళ్లు పోతిరెడ్డిపాడు, బానకచర్ల, వెలుగోడు మీదుగా కడప జిల్లా బ్రహ్మంసాగర్‌కు, అక్కడి నుంచి పెన్న మీది సోమశిలకు చేరుతున్నాయి. గాలేరు–నగరి కాలువ అవుకు మీదుగా గండికోటకు కృష్ణ నీళ్లు తెచ్చింది. ఈ కాలువలు సీమ రైతు కలలు పండించాయి. నది ఎక్కడికి చేరితే నదిలోని ప్రాణి కూడా అక్కడికి చేరే వీలుంది. 2009 అక్టోబరు మొదట్లో కర్నూలు నగరాన్ని ముంచినంత వరద వస్తే, నదిలో ఉండాల్సినవి పొలాల్లోకి, కాలువల్లోకి కొట్టుకొస్తాయి. వరద తగ్గిన కొన్ని వారాల పాటు కాలువ గట్టున ఉన్న ఊళ్లు కూడా నది ఒడ్డు ఊళ్లే అనుకుని మెలగాలి.

జాంబెజీ చెప్పే పాఠం

ఆఫ్రికాలో జాంబెజీ నది మీద 1959లో కరీబా ఆనకట్ట పూర్తయింది. దాని వెనక నిలిచే నీరు దాదాపు 180 ఘన కిలోమీటర్లు. మన శ్రీశైలం ఇప్పుడు పట్టే 215 టీఎంసీలకు ఇది సుమారు 30 రెట్లు. అక్కడ టోంగా ప్రజలు వేలాదిగా లోయ వదిలి వెళ్లారు. ఇక్కడ శ్రీశైలం ముంపులో వందకు దగ్గరగా ఊళ్లు పోయాయి. రెండు చోట్లా నది జలాశయమైంది, చేపలు పెరిగాయి, జాలర్లు వచ్చారు, మొసళ్లు పెరిగాయి.

కరీబాలో ఉన్నది నైలు మొసలి. అది మగ్గర్ కంటే పెద్దది, మనిషి మీదికి రావడంలో చాలా తెగువ గలది. ఆఫ్రికా నదుల్లో పడవ యాత్రలు నడిపే మార్గదర్శులు ప్రయాణికులకు మొదటే కొన్ని కట్టుబాట్లు చెబుతారు. చెయ్యి, కాలు పడవ బయట పెట్టకూడదు. గుడారం నీటి అంచున వెయ్యకూడదు. చేపలు కడిగిన నీళ్లు, వ్యర్థాలు రేవులో పారబోయకూడదు. రోజూ ఒకే చోట, ఒకే వేళకు నీళ్లకు వెళ్లకూడదు. ఈ చివరి మాటను మనవాళ్లు ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. మొసలి తెలివైన జంతువు. కొంగలు గూళ్లు కట్టే రోజుల్లో మూతి మీద పుల్లలు పెట్టుకుని, వాటి కోసం వచ్చే పక్షులను పట్టడం మద్రాస్ క్రొకోడైల్ బ్యాంక్‌లోని మగ్గర్లలో చూసి 2013లో పరిశోధకులు రాశారు. పక్షుల కాలం తెలిసిన జంతువుకు మన స్నానాల వేళ తెలియడం కష్టం కాదు.

మగ్గర్ నైలు మొసలి అంత ప్రమాదకారి కాదన్నది నిజం. గుజరాత్‌లోని చరోతర్ ప్రాంతంలో ఊరి చెరువుల్లో మగ్గర్లతో కలిసి జనం తరతరాలుగా బతుకుతున్నారు. కానీ ఇదే కృష్ణ మీద, మహారాష్ట్రలోని సాంగ్లీ ప్రాంతంలో స్నానాలు చేసేవాళ్ల మీద, జాలర్ల మీద మగ్గర్లు దాడి చేశాయి. జాతి ఒక్కటే అయినా చోటును బట్టి, మనిషి అలవాట్లను బట్టి ప్రమాదం మారుతుంది.

ప్రయాణికుడు పాటించవలసినవి

నది ఒడ్డుకు వెళ్లేవాళ్లు ముందు స్థానిక జాలర్లను అడగాలి. ఏ మడుగులో మొసలి ఉందో, ఏ బండ మీద ఎక్కుతుందో వాళ్లకు తెలిసినంతగా ఏ పటానికీ తెలియదు. నడుస్తున్నప్పుడు అంచుకు నాలుగు గజాలు ఎడంగా నడవాలి. స్నానం నిర్ణయించిన ఘాట్‌లోనే, పగటి వెలుగులోనే, నలుగురితో కలిసి చెయ్యాలి. శివరాత్రికి, ఉగాదికి నల్లమల దారిలో నడిచి శ్రీశైలం చేరే భక్తులు చీకటితోనే మునక వెయ్యాలనుకుంటారు. ఆ ఒక్క ఆచారాన్ని తెల్లవారే దాకా ఆపుకోవడం మంచిది. మొసళ్లు ఉన్న చోట పొద్దు గుంకాక, తెల్లవారకముందు నీళ్లలో దిగకూడదు. రాత్రి ఒడ్డున నడవక తప్పకపోతే టార్చి వెలుగు నీటి మీద వెయ్యాలి. మొసలి కళ్ల వెనక ఉన్న పొర ఆ వెలుగును తిప్పి కొడుతుంది, కళ్లు ఎర్రగా నిప్పు కణికల్లా మెరుస్తాయి.

నీటి పక్కన వంగి కూర్చోవడం, బోర్లా పడుకుని నీళ్లు తాగడం, పిల్లలను అంచున వదలడం, కుక్కను వెంట తీసుకుని నీళ్లలో దిగడం చెయ్యకూడదు. ఎండ కాచుకునే మొసలికీ నీళ్లకీ మధ్యకు వెళ్లకూడదు. అది బెదిరితే నీళ్లవైపే ఉరుకుతుంది, ఆ దారిలో ఎవరున్నా కరుస్తుంది. ఫొటో కోసం దగ్గరికి పోవడం, రాళ్లు వెయ్యడం, మాంసం విసరడం మరీ ప్రమాదం. మనిషి దగ్గర తిండి దొరుకుతుందని ఒకసారి నేర్చుకున్న మొసలి, తరువాత వచ్చే అమాయకుడి ప్రాణం తీస్తుంది.

ఒకవేళ మొసలి పట్టుకుంటే ఊరుకోకూడదు. శక్తి కొద్దీ తిరగబడాలి. దాని కళ్లలో పొడవాలి, ముక్కు మీద కొట్టాలి. పక్కనున్నవాళ్లు కర్రలతో, తెడ్లతో కొట్టి అరవాలి. చాలాసార్లు అది వదిలేస్తుంది. విడిపించుకున్నాక గాయం చిన్నదే అనిపించినా ఆసుపత్రికి వెళ్లాలి. మొసలి నోట్లోని బ్యాక్టీరియా లోతైన గాయాన్ని తొందరగా కుళ్లబెడుతుంది. శుభ్రమైన నీళ్లతో కడిగి, గుడ్డతో గట్టిగా అదిమి రక్తం ఆపి, 108కి ఫోన్ చెయ్యాలి. ధనుర్వాతం సూది, యాంటీబయాటిక్ మందులు తప్పనిసరి. ఆకు పసర్లతో సరిపెట్టుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది.

పడవ గురించి ఒక మాట చెప్పకపోతే ఈ లెక్క తప్పుతుంది. నదిలో ప్రయాణికుడి ప్రాణం తీసే వాటిలో మొసలి కంటే మునక చాలా పెద్దది. 2007 జనవరిలో కృష్ణ వెనుక జలాల్లో నెహ్రూనగర్, మంచాలకట్ట రేవుల మధ్య పడవ మునిగి పదుల సంఖ్యలో జనం చనిపోయారు. 2017 నవంబరులో విజయవాడ దగ్గర పవిత్ర సంగమంలో, 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర అదే విషాదం మళ్లీ జరిగింది. మొసలి ఉందని భయపడి గబగబా పడవ ఎక్కేవాళ్లు, ఆ పడవలో ఎంతమంది ఎక్కారో, లైఫ్ జాకెట్లు ఉన్నాయో లేవో చూడరు. పరిమితికి మించి జనం ఎక్కితే దిగిపోవాలి. జాకెట్ లేని పడవ ఎక్కకూడదు. పుట్టిలో అందరూ ఒకేవైపు ఒరగకూడదు. మొసలి కనిపించినా లేచి నిలబడకూడదు, పడవ ఒరిగేది అలాంటప్పుడే.

రేవును కాపాడితే ఇద్దరూ బతుకుతారు

జాగ్రత్తలన్నీ ప్రయాణికుడి నెత్తినే పెట్టి ఊరుకోవడం న్యాయం కాదు. ఇంట్లో కుళాయి లేని తల్లి బిందె తీసుకుని నదికే వెళుతుంది. మరుగుదొడ్డి లేనివాళ్లు చీకట్లో ఒడ్డుకే వెళతారు. వల వెయ్యకపోతే జాలరి ఇంట్లో పొయ్యి వెలగదు. వాళ్లకు నీళ్లకు దూరంగా ఉండమని చెప్పడం అర్థం లేని సలహా. శ్రీలంకలో దీనికి చవకైన ఉపాయం ఎప్పటినుంచో ఉంది. రేవులో స్నానం చేసే చోటు చుట్టూ నీళ్లలోనే గట్టి గుంజలు పాతి, కర్రలతోనో ఇనుప వలతోనో కంచె కడతారు. నీరు లోపలికి వస్తుంది, మొసలి రాదు. మన జలాశయాల్లో నీటిమట్టం మారుతుంది కాబట్టి ఒక్క కంచె చాలదు. ఘాట్ మెట్లతో పాటు కిందికి దిగే అంచెల కంచెలు, లేదా నీటి మీద తేలే కంచెలు కావాలి. అది ఇంజనీర్లకు కష్టమైన పని కాదు.

కృష్ణా పుష్కరాలు గతంలో 2016లో జరిగాయి, మళ్లీ 2028లో వస్తాయి. సంగమేశ్వరం, పాతాళగంగ, నదీ తీరంలోని ప్రతి ఘాట్‌కూ లక్షల మంది వస్తారు. వాళ్లలో చాలామంది మొసలిని ఎన్నడూ చూసి ఉండరు. ఘాట్‌లకు కంచెలు, తెలుగుతో పాటు కర్ణాటక భక్తుల కోసం కన్నడంలోనూ హెచ్చరిక బోర్డులు, ప్రతి రేవులో లైఫ్ జాకెట్లు, మొసలి జాడ చెప్పగల స్థానిక జాలర్లకు కాపలా పని ఇప్పటినుంచే ఏర్పాటు చెయ్యాలి. ఈ ఏర్పాట్లు ఏమయ్యాయని అధికారులను అడగవలసింది ఆ ఘాట్‌లలో దిగబోయే మనమే. అప్పటిదాకా, ఏ నది ఒడ్డుకు వెళ్లినా అంచుకు నాలుగు గజాల ముందు ఆగి, అక్కడివాళ్లను అడిగి, ఆ తరువాతే అడుగు వెయ్యండి.